మా గవాచి, వాళ్ల విన్‌డౌగె

సింగపూరులోని తువాస్‌లో మా కంపెనీ ఓడలకు కిటికీలు చేస్తుంది. ఈ మాట చెప్పగానే చాలామంది నవ్వుతారు. ఓడలకు కిటికీలు చేయడం కూడా ఒక ఉద్యోగమేనా అన్నట్టు చూస్తారు. ఉద్యోగమే. అల వచ్చి కొడితే పగలకూడదు, వాన కారకూడదు, ఎండకి చట్రం ఉబ్బకూడదు, రాత్రి లోపలి దీపం అద్దంలో మెరిసి ఓడ నడిపేవాడి కళ్లను మోసం చేయకూడదు. వీటన్నిటినీ లెక్కగట్టి డ్రాయింగులు గీయడం నా పని. పొద్దున్నే వుడ్‌ల్యాండ్స్‌లో కంపెనీ బస్సెక్కి, సాయంత్రం అదే బస్సులో తిరిగొస్తాను.

ఒకరోజు నా కంప్యూటర్‌లోకి ఒక పాత ఓడ డ్రాయింగులు వచ్చాయి. నార్వేలో కట్టిన సరఫరా ఓడ అది. దాన్ని ఇక్కడి యజమాని ఒకాయన కొని, మరమ్మతుకు తువాస్ తెప్పించాడు. ఓడ నడిపే చక్రం ఉండే గదికి కొత్త కిటికీలు పెట్టాలి. మాకు వచ్చే డ్రాయింగులన్నీ దాదాపు ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇవి మాత్రం ఎప్పుడో చేత్తో గీసినవి. అక్షరాలు నార్వేజియన్, కాగితం మడతలు పడ్డది. ఆ మడత సరిగ్గా ఒక మాట మధ్యలో పడడంతో స్కాన్‌లో ఆ మాట రెండు ముక్కలైంది. మొదటి ముక్క 'విన్‌డ్', రెండో ముక్క 'ఔగె'.

రెంటినీ విడివిడిగా ఫోన్‌లో కొట్టి చూశాను. మొదటిది గాలి. రెండోది కన్ను.

గాలి కన్ను! ఓహో, గాలి ఆడడానికి పెట్టిన రంధ్రం కాబోలు అనుకున్నాను. ఇంతకుముందు ఒకటి రెండు నార్వే డ్రాయింగుల్లో కిటికీకి 'విన్‌డు' అని చూసిన గుర్తు. కాబట్టి ఇది కిటికీ కాదు, వేరేదేదో అని తీర్మానించేసి, ఆ 'విన్‌డ్ ఔగె' అనే గాలి కన్నుకి మూత కావాలా, జల్లెడ కావాలా అని నార్వే ఇంజనీరుకి మెయిల్ పెట్టాను.

ఆయన మా ఆఫీసులోనే పై అంతస్తులో కూర్చుంటాడు. అరవై దాటిన మనిషి, పొడుగరి. ఓడల మధ్యనే జీవితమంతా గడిచింది. సామాన్యంగా నవ్వడు. నా మెయిల్ చదివి, జవాబు రాయకుండా మెట్లు దిగి నా బల్ల దగ్గరికే వచ్చాడు. మొహమంతా నవ్వు.

"గాలి కన్నుకి జల్లెడ పెడితే ఓడ ఎలా నడుపుతారమ్మా? అది కిటికీ. మామూలు కిటికీ," అన్నాడు ఇంగ్లీషులో.

"మరి కిటికీని విన్‌డు అంటారు కదా మీరు?"

"పట్నాల్లో విన్‌డు. డెన్మార్క్‌లో దాదాపు అదే, విన్‌దుఎ. మా పడమటి తీరంలో విన్‌డౌగె. ఫారో దీవుల్లో విన్‌డైగ. అన్నీ ఒక్క మాటే. వెనకటి రోజుల్లో ఇళ్లకు అద్దాలు లేవు. గోడలోనో కప్పులోనో ఒక రంధ్రం ఉండేది. వెలుతురు అందులోంచే, గాలి అందులోంచే, పొగ పోవడమూ అందులోంచే. దాన్ని గాలి కన్ను అన్నారు."

ఇంకో మాట చెప్పాడు, నేను కుర్చీలోంచి లేచేలా. "మీరు రోజూ వాడే ఇంగ్లీషు విండో ఉంది చూశారూ, అదీ ఇదే. మా వాళ్లు పడవలేసుకుని ఇంగ్లండు పోయి స్థిరపడ్డప్పుడు ఈ మాట అక్కడి వాళ్ల నోటికి పట్టింది."

విండో! పదేళ్లుగా రోజుకి వందసార్లు రాసిన మాట. అందులో గాలి ఉందని, కన్ను ఉందని నాకు ఎన్నడూ తోచలేదు. ఆయన వెళ్లిపోయాక డ్రాయింగు వైపు చూస్తే, చక్రం గది చుట్టూ వరసగా కళ్లు కనిపించాయి.

ఆ సాయంత్రం బస్సులో నా పక్కన ఎప్పటిలాగే మా హైదరాబాదు స్నేహితురాలు కూర్చుంది. కొనుగోళ్ల విభాగంలో పనిచేస్తుంది. పాతబస్తీ పిల్ల. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు, కోపమొస్తే రెండూ. ఆమెకు ఒక్క ఊపులో అంతా చెప్పేశాను.

"అరె, జర ఊపిరి పీల్చుకో," అంది. "కిటికీకి ఇంత ఖుషీ ఏంది? కిటికీ అంటే కిటికీ. మేం ఖిడ్కీ అంటం. అయిపోయింది."

"గోడలో రంధ్రాన్ని కన్ను అన్నారే! వెలుతురు కోసం కప్పుకి పెట్టిన రంధ్రాన్ని..."

ఆ మాట నా నోట్లోనే ఆగిపోయింది. కప్పుకి పెట్టిన రంధ్రం. నేను చూశాను దాన్ని. దాని కింద కూర్చుని అన్నం తిన్నాను.

మాది అనంతపురం జిల్లా. చిన్నప్పుడు సెలవులకు తాడిపత్రి దగ్గర మా అత్తవాళ్ల ఊరికి పోయేవాళ్లం. అత్త అంటే మా నాన్న చెల్లెలు. వాళ్లది మట్టి మిద్దె. పైన చౌడు మట్టి పోసి గట్టిగా దిమ్మిస కొట్టిన కప్పు. వంటింటి కప్పులో చేటంత రంధ్రం ఒకటి ఉండేది. పొయ్యి పొగ అందులోంచి పోయేది. వెలుతురు అందులోంచే స్తంభంలా దిగి, పొద్దుతోబాటు నేల మీద జరుగుతూ ఉండేది. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దె ఎక్కి దాని మీద బండ కప్పాలి. పిల్లలం మిద్దె మీద బోర్లా పడుకుని ఆ రంధ్రంలోంచి కిందికి తొంగి చూసేవాళ్లం. ఒకసారి నేను చింతపిక్క జారవిడిస్తే సరిగ్గా ఉడుకుతున్న పప్పులో పడింది. "ఎవుర్రా అది! గవాచికాడ్నించి లెయ్యండి, వెలుతురు పడ్ల్యా!" అని అత్త గరిటె పైకెత్తి అరిచింది.

గవాచి. దాని పేరు గవాచి.

ఈ మాట నేను ఎందుకు మరిచానంటే, మరవాలని మరిచాను. డిగ్రీకి హైదరాబాదు వచ్చిన కొత్తలో, హాస్టల్ గదిలో గోడకి ఎత్తున చిన్న కంత ఉండేది. ఉక్కపోస్తోందని "ఆ గవాచి తెరవండే" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. ఆ తర్వాత ఏడాదిపాటు నా పేరే గవాచి. అది మా ఊరివాళ్లు నోటికొచ్చినట్టు పుట్టించుకున్న మోటు మాట అని నేనూ నమ్మాను. కిటికీ, విండో, వెంటిలేటర్ అనడం నేర్చుకున్నాను.

బస్సు వంతెన ఎక్కుతోంది. గవాచి, గవాచి అని నాలో నేనే అనుకుంటున్నాను. గవాచి అంటే... గవాక్షి. గవాక్షం! పదో తరగతిలో సమాసాలు విడగొట్టించిన మాట. గో, అక్షం. ఆవు కన్ను వంటిది. మా అత్త వంటింటి కప్పులో ఉన్నది కూడా కన్నే!

నేను అరిచానో ఏమో, ముందు సీటులో నిద్రపోతున్న ఫోర్‌మన్ లేచి వెనక్కి చూశాడు. నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుంది. "ఏమైంది? ఫోన్ మర్చిపోయినవా?"

చెప్పాను. ఈసారి ఆమె నవ్వలేదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "మా నానీ ఇంట్ల గోడకు పైన చిన్నది ఉంటుండె. దాన్ని ఖిడ్కీ అనకపోతుండె. రోషన్‌దాన్ అంటుండె. రోషనీ ఉండే డబ్బా అన్నట్టు," అంది. ఆమె గొంతులో కూడా కొంచెం వేడి పుట్టింది. "అంటే మీ దాంట్ల కన్ను, వాళ్ల దాంట్ల గాలి, మా దాంట్ల వెలుతురు. అరె వాహ్!"

వుడ్‌ల్యాండ్స్‌లో దిగి ఇంటికి పోయేదాకా ఆగలేకపోయాను. మా ఫ్లాట్ల కింద ఉండే బల్లల దగ్గరే కూర్చుని అత్తకి ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు తాడిపత్రిలో కొడుకు కట్టిన కొత్త ఇంట్లో ఉంటుంది. ఫోనెత్తగానే, "బాగుండావామ్మా?" అని మొదలుపెట్టబోతుంటే అడ్డుపడి అడిగాను.

"అత్తా, మిద్దెకు రంధ్రం ఉండేది కదా, దాన్ని ఏమనేవాళ్లు?"

"గవాచి. ఏమ్మే, సింగపూరులో కూచ్చోని గవాచి సంగతి అడుగుతాండావు? యాడన్నా కారుతాందా ఇల్లు?"

"ఇల్లు కారడంలేదు. గవాచి అనేది మీ ఊళ్లో మాత్రమే అనేవాళ్లా?"

"మా ఊర్లో ఏమిటికి, ఈ పక్క అంతా గవాచే. మీ తాతకైతే, అదే మా మామకైతే, గవాచ్చి అని ఒత్తు పెట్టి అంటే గాని సరిపోయేది గాదు. పొయ్యి ముందర నేను కండ్లు నలుపుకుంటాంటే ఆయప్ప మిద్దె మిందికి పొయ్యి బండ జరుపుతాండె. ఇంతకీ ఏమైంది, చెప్పుమీ."

చెప్పాను. నార్వే ఎక్కడుందో చెప్పాను, గాలి కన్ను అని చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "వాండ్లూ పొయ్యి కాడ పొగతో సచ్చినట్టుండారు పాపం," అంది.

మర్నాడు కాఫీ వేళకి ముందే పైకి వెళ్లాను. నార్వే ఆయన ముందు తెల్లకాగితం పెట్టి మిద్దె బొమ్మ గీశాను. కప్పు మోసే దంతెలు, చౌడు, పొయ్యి, దాని పైన రంధ్రం, పక్కన బండ. ఆయన కాగితాన్ని తనవైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు. "మా పాత ఇళ్లకు గడ్డీ మట్టీ కప్పేవాళ్లు. ఇది అచ్చం అదే," అన్నాడు. గవాచి మాటకి అర్థం చెప్పాను. హాస్టల్ సంగతీ చెప్పాను, ఎందుకు చెప్పానో తెలియదు.

ఆయన నవ్వలేదు. "నాకూ అంతే జరిగింది," అన్నాడు.

పన్నెండేళ్లప్పుడు వాళ్ల నాన్నకి పట్నంలో పని దొరికిందట. కొత్త బడిలో మొదటి రోజే, చలిగాలి కొడుతోంది, విన్‌డౌగె మూసేయనా అని టీచరుని అడిగాడట. తరగతంతా ఘొల్లుమంది. చేపల కంపు కొట్టే మాట అన్నాడట వెనక బెంచీవాడు. ఆ ఏడాది చివరికి ఆయన విన్‌డు అనడం నేర్చుకున్నాడు. తర్వాత కాలేజీ, ఓడలు, పరదేశాలు. "ఈ డ్రాయింగు గీసిన ఓడల యార్డు మా పక్క ఊరిది. వాళ్లు మాత్రం దాన్ని మార్చుకోలేదు. మీ మెయిల్లో ఆ మాట చూసినప్పుడు మా అమ్మ గొంతు వినిపించింది. అందుకే దిగి వచ్చాను."

తర్వాత ఆయనే, "సరే, ఈ మాటల మూలాలు వెతుకుదామా?" అన్నాడు. కాఫీ చల్లారిపోయింది. ఆయన ఒక కంప్యూటర్, నేనొక కంప్యూటర్ ముందు వేసుకుని నిఘంటువులు తెరిచాం. వాళ్ల కన్ను 'ఔగె', మన అక్షి, రెండింటిదీ ఒకే మూలమని ఎక్కువమంది పండితులు అంటున్నారు, కొందరు సందేహిస్తున్నారు. "సందేహించేవాళ్లని మధ్యాహ్నం చూసుకుందాం," అన్నాడాయన. నేను గాలి వైపు వెళ్లాను. వాళ్ల 'విన్‌డ్', మన వాతం! వాత దోషం, వాతావరణం, వాటిలో ఉన్న వాతం. ఈ రెండూ ఒక తల్లి పిల్లలేనని అందరూ ఒప్పుకుంటున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, కిటికీకి మన పుస్తకాల్లో ఇంకో మాట ఉంది. వాతాయనం. గాలి వచ్చే దారి.

"మాకు ఒక మాటలో గాలి ఉంది, ఒక మాటలో కన్ను ఉంది. మీరు రెండూ కలిపేశారు!" అన్నాను. బల్ల మీద గట్టిగా కొట్టానేమో, పక్క గదిలోంచి స్వీడన్ అమ్మాయి తలుపు తీసి చూసింది. ఆమె అద్దాల బలం లెక్కలు చూసే ఇంజనీరు. మాకంటే చాలా చిన్నది.

"ఏమిటీ గొడవ?" అంది. విని, భుజాలెగరేసింది. "మాకు ఆ మాట లేదు. మేం ఫెన్‌స్టర్ అంటాం. లాటిన్ నుంచి జర్మన్ల ద్వారా వచ్చింది. గాలీ లేదు, కన్నూ లేదు."

"పూర్వం మీకూ ఉండేది," అన్నాడు నార్వే ఆయన.

"ఉండేదని మీరు అంటున్నారు."

"మీ ఊరి ముసలివాళ్లని అడుగు."

"మా తాత ఉన్నాడు. ఆయన్ని అడిగి మిమ్మల్ని ఓడిస్తాను," అని వెళ్లిపోయింది.

ఆ వారాంతం నాకు ఏమీ తోచలేదు. సోమవారం పొద్దున్న బస్సు దిగి లోపలికి వెళ్తున్నానో లేదో, ఆ అమ్మాయి గేటు దగ్గరే నిలబడి ఉంది. హెల్మెట్ కూడా పెట్టుకోలేదు. నన్ను చూడగానే చేతులు ఊపుతూ పరిగెత్తుకొచ్చింది.

"ఉంది! మాకూ ఉంది! విన్‌డోగ! తాత ఇంటి వెనక గడ్డి కొట్టం ఉంది. దాని గోడకి పైన, తలుపు లేని కంత ఉంటుంది. చిన్నప్పటినుంచీ నేను దాన్ని కంత అనే అనుకున్నాను. తాత అన్నాడు, దాని పేరు అది కాదు, మా అమ్మ దాన్ని విన్‌డోగ అనేది అని. ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లి నాకు చూపించాడు కూడా. నేను దాంట్లోంచి దూరి ఆడుకున్నాను, తెలుసా? పేరు తెలియకుండానే!"

ఓడిపోయినందుకు అంత సంతోషపడ్డ మనిషిని నేను చూడలేదు. ముగ్గురం క్యాంటీన్‌కి వెళ్లాం. నేను చేసుకొచ్చిన బొరుగుల ఉగ్గాణి ముగ్గురం పంచుకుని తిన్నాం. ఇళ్లన్నిటిలోంచి వెళ్లగొట్టిన మాట గడ్డి కొట్టం గోడ మీద దాక్కుని బతికిందని ఆ అమ్మాయి పదేపదే అంటూనే ఉంది. ఐస్‌లాండ్‌లో రోజూ వాడే మాట వేరేనట. అయినా పాతపుస్తకాలు చదివేవాళ్లకి విన్‌డౌగ తెలుస్తుందట. అది కూడా ఆమే వెతికి పెట్టుకొచ్చింది.

ఇక పని. కిటికీలు తయారయ్యాయి, ఓడకు బిగించారు. చివరికి నీటి పరీక్ష రోజు వచ్చింది. బయటినుంచి పెద్ద గొట్టంతో కిటికీల మీద జోరుగా నీళ్లు కొడతారు. లోపల మేం టార్చిలైట్లు పట్టుకుని చట్రం చుట్టూ చుక్క తడి కనిపిస్తుందేమో చూస్తాం. నేను ఎక్కువగా ఆఫీసులోనే ఉంటాను కాబట్టి ఓడెక్కడం ఎప్పుడోగాని జరగదు. ఆ రోజు నార్వే ఆయన పట్టుబట్టి పిలిచాడు. స్వీడన్ అమ్మాయీ వచ్చింది.

చక్రం గది కిటికీలన్నీ నిలిచాయి. ఒక్క చుక్క రాలేదు. కింది అంతస్తులో పక్కగోడకి ఉన్న గుండ్రటి చిన్న కిటికీలు మిగిలాయి. అవి పాతవే, రబ్బరు మాత్రం కొత్తది వేశాం. గొట్టం పట్టినవాళ్లు బయట సిద్ధమయ్యారు. నీళ్లు దడదడమని అద్దాన్ని కొడుతున్నాయి. నేను టార్చి వేసి వంగి చూస్తున్నాను.

"వీటిని మా భాషలో ఏమంటారో మీకు చెప్పానా?" అన్నాడు నార్వే ఆయన నా వెనకనుంచి, ఆ చప్పుడులో గొంతు పెంచి.

"విన్‌డౌగె కాదా?"

"కాదు. ఓడకుండే గుండ్రటి దానికి వేరే పేరు. డెన్మార్క్ వాళ్లదీ ఇంచుమించు అదే మాట. కూ-ఓయె."

"అంటే?"

"ఓయె అంటే కన్ను, అదే ఔగె. కూ అంటే..." ఆయన ఆగాడు. నావైపు చూశాడు. ఆ క్షణంలోనే ఆయనకీ తట్టిందని మొహంలో కనిపించింది. "కూ అంటే ఆవు," అన్నాడు మెల్లిగా.

ఆవు కన్ను. గో, అక్షం. గవాక్షం!

నేను పెట్టిన కేకకి ఇనుప గోడలు మోగాయి. చేతిలో టార్చి కిందపడి దొర్లింది. బయట నీళ్లు టక్కున ఆగిపోయాయి. గొట్టం పట్టిన అన్న తలుపులోంచి తల పెట్టి తమిళంలో, "లీకా అక్కా?" అన్నాడు కంగారుగా.

"లీకు లేదు! లీకేం లేదు!" అని అరుస్తున్నాను నేను. స్వీడన్ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని ఆ ఇరుకు నడవలో గిర్రున తిప్పుతోంది. నార్వే ఆయన ఆ గుండ్రటి అద్దానికి వీపు ఆనించి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఆ 'కూ' కూడా మన గోవూ ఒకే మూలానివని ఆ మధ్యాహ్నం చూశాం. దీన్నీ ఎవరూ సందేహించలేదు. సగం సగం కాదు, మాటకు మాట మొత్తం సరిపోయింది. వాళ్లు ఓడలో, మేం మిద్దెలో, గుండ్రటి రంధ్రాన్ని చూసి ఇద్దరం ఆవునే తలుచుకున్నాం.

పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాల్సి వచ్చింది. ఎవరూ విసుక్కోలేదు. గొట్టం పట్టిన అన్నకి సంగతి చెబితే, "మాట్టు కణ్ణా?" అని ఆవు కన్నుని తన తమిళంలో పలికి, ఆ కిటికీని కొత్తగా చూసి, నీళ్లు కాస్త ఎక్కువ శ్రద్ధగా కొట్టాడు.

సాయంత్రం బస్సులో మా హైదరాబాదు స్నేహితురాలు మొత్తం రెండుసార్లు చెప్పించుకుంది. రెండోసారి వెనక సీటువాళ్లకి ఆమే దక్కనీలో చెప్పింది, నేను చేయనివి కూడా కొన్ని కలిపి. ఇంటికి చేరగానే అత్తకి ఫోన్ చేశాను.

"ఆవు కన్నా?" అంది. "ఇన్నేండ్లు దాన్ని పొగ పొయ్యే బొక్క అనుకుంటిమే! మీ తాతకు తెలిసుంటే ఊరంతా చెప్పుకుంటాండె." ఆ వెంటనే, "అది సరేగాని, ఆ నార్వే ఆయప్పకు పెండ్లాం పిల్లోళ్లు ఉండారా? ఒగడే ఉంటాడా? ఒగసారి ఇంటికి పిల్చి రాగి సంగటి పెట్టుమీ. మన మాట అంటాడంటే మన మనిషే గదా," అంది.

పిలిచాను. వచ్చే ఆదివారం వస్తానన్నాడు. స్వీడన్ అమ్మాయి తనని పిలవకుండానే వస్తానంది.